చిన్నదా, చిక్కిందా?

పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. పిల్లికూన ఉండవలసినదానికన్నా చిన్నగా కనబడుతోంది, ఏమిటి కారణం అన్నదే ఆ సందేహం. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పెద్దదైనా, మిగిలిన మూడింటికీ అదే పునాది కనుక పాఠకులు ఓపికతో చదవగలరు.

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మా ఇంటి వెనుక కట్టెలు పేర్చిన వసారాలో ఒక వీధిపిల్లి భోగినాడు తెల్లవారుజామున నాలుగు కూనలను పెట్టింది. రెండింటిని అది ఎటో మార్చుకుపోయింది. మిగిలిన రెండూ మా పెరట్లోనే ఉండిపోగా, నెల దాటాక మా పిల్లలు వాటిని ఇంట్లోకి తెచ్చుకున్నారు. ఒకటి చారల మగకూన, ఇంకొకటి నలుపూ తెలుపూ కలిసిన ఆడకూన. ఇప్పటికి తొమ్మిది వారాలు నిండాయి. మొన్న వంటింటి త్రాసులో తూచితే మగది 900 గ్రాములు, ఆడది 520 గ్రాములు ఉన్నాయి. రెండింటికీ పెట్టేది ఒకటే. ఉదయం పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి పాలన్నం. మా ఇంట మాంసం, గుడ్డు రావు. మగది ప్రహరీ సందులోంచి పక్కింటికి వెళ్ళి వస్తుంటుంది, ఆడది గడప దాటదు. ఆడుకుంటుంది, పెట్టినది తింటుంది, అయినా వెన్నెముక చేతికి తగులుతుంది, పొట్ట మాత్రం డోలులా ఉంటుంది. పక్కింటి పిన్నిగారు "అది గుజ్జురకం, అంతే పెరుగుతుంది" అంటున్నారు. మా అత్తగారు కడుపులో పాములంటున్నారు. ఇది నిజంగా కంగారు పడవలసిన విషయమేనా?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైన మాట "భోగినాడు" అన్నది. కూన చిన్నగా ఉందని మా దగ్గరకు తెచ్చేవారిలో చాలామందికి దాని పుట్టినరోజు తెలియదు. ఎవరో చెప్పిన లెక్కనో, తమ ఊహనో పట్టుకుని రెండు నెలలంటారు, నోరు తెరిచి చూస్తే అయిదు వారాలే ఉంటాయి. అప్పుడు చిన్నది కూన కాదు, తప్పింది లెక్క. మీ విషయంలో ఆ అనుమానానికి తావు లేదు. పైగా అదే రోజు, అదే తల్లికి పుట్టి అదే ఇంట పెరుగుతున్న తోబుట్టువు పక్కనే ఉంది. ఇంతకన్నా మంచి కొలబద్ద వైద్యుడికి దొరకదు.

ఆ కొలబద్దతో చూసినప్పుడు నా అభిప్రాయం ఇది: రాత్రికి రాత్రి పరుగెత్తవలసిన ప్రమాదం కాదు గానీ, ఆడకూనను ఈ వారంలోనే పశువైద్యుడికి చూపించాలి. పిల్లికూన పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములు ఉంటుంది. నెల నిండేసరికి 400 నుంచి 450 గ్రాములకు, రెండు నెలలకు 800 నుంచి 900 గ్రాములకు చేరుతుంది. అయిదారు నెలల దాకా నెలకు ఇంచుమించు 450 గ్రాముల చొప్పున పెరుగుతుందని గుర్తుపెట్టుకుంటే లెక్క సులువు. మన వీధిపిల్లులు సన్ననివి కనుక రెండు నెలలకు 700 గ్రాములే ఉండి, హాయిగా గెంతుతున్న కూనలను నేను ఎన్నింటినో చూశాను, వాటి గురించి బెంగ పెట్టుకోలేదు. కానీ తొమ్మిది వారాలకు 520 గ్రాములంటే అది అయిదారు వారాల కూనకు ఉండవలసిన బరువు.

ఒకే ఈతలో పుట్టిన కూనల మధ్య తేడా ఉండటం మామూలే. ఆడపిల్లి ఎదలో ఉన్న రోజులలో ఒకటికి మించిన మగపిల్లులతో కలిస్తే ఒకే ఈతలోని కూనలకు వేరువేరు తండ్రులు ఉండవచ్చు, చారలు ఒకదానికి ఉండి మరొకదానికి లేకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. పుట్టిన కొద్ది రోజులలోనే కూనలు ఒక్కొక్కటి ఒక్కో చన్నును సొంతం చేసుకుంటాయి, బలహీనమైనదానికి పాలు తక్కువ ఉన్నది మిగలవచ్చు. మగకూన ఆడకూనకన్నా కాస్త బరువు తూగడం కూడా సహజమే. అయితే ఈ కారణాలన్నీ కలిసినా ఇంత తేడా రావడం అరుదు. రెండు నెలలప్పుడు ఆడ, మగ తేడా కొద్దిపాటిదే. మీ ఇంట ఒకటి మరొకదానిలో సగానికి కాస్త పైన మాత్రమే ఉంది. "గుజ్జురకం" అన్న మాటతో దీనిని దాటవేయలేము.

ఇక కారణం ఎక్కడుందో చూద్దాం. రెండింటికీ ఒకే తిండి పెడుతున్నామని మీరు రాశారు. నా అనుమానం ప్రకారం రెండూ ఒకే తిండి తినడం లేదు. మగకూన ప్రహరీ సందులోంచి పక్కింటికి ఎందుకు వెళ్తోందో పిన్నిగారిని ఒకసారి అడగండి. గోదావరి జిల్లాలో చేపల వాసన వచ్చే ఇంటికి పిల్లికూన ఊరికే రాకపోకలు సాగించదు. చేప తల, పొట్టభాగం, కోడి పేగులు, ఏదో ఒకటి దానికి రోజూ అందుతూ ఉండాలి. అది మీ ఇంట పాలన్నం తిని పెరిగింది కాదు, పాలన్నం తింటున్నా పెరిగింది. గడప దాటని చెల్లెలికి ఆ దారి లేదు.

పిల్లి మాంసాహారి అని అందరికీ తెలుసు. కుక్కలాగా, మనలాగా సర్దుకుపోగల మాంసాహారి కాదని మాత్రం చాలామందికి తెలియదు. కుక్క అన్నంపప్పుతో కొంతవరకు నెట్టుకురాగలదు, పిల్లి శరీర నిర్మాణం అందుకు ఒప్పుకోదు. టారిన్ అనే పోషకాన్ని చాలా జంతువులు తమ ఒంట్లోనే కావలసినంత తయారుచేసుకుంటాయి. పిల్లి చేసుకోలేదు, మాంసం, చేపల నుంచి తెచ్చుకోవలసిందే. అన్నంలో, కూరగాయలలో, పప్పులో అది లేదు. చాలాకాలం అందకపోతే మొదట కంటి వెనుక పొర దెబ్బతిని చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఆ గుండెజబ్బుకు టారిన్ లోపమే కారణమని అమెరికాలోని పరిశోధకులు 1987లో బయటపెట్టాక, అంతవరకు దుకాణాలలో అమ్ముతున్న పిల్లుల ఆహారంలోనే దాని మోతాదు పెంచవలసి వచ్చింది. ఇంకో సంగతి, పిల్లి కాలేయం మాంసకృత్తులను ఖర్చుచేసే వేగాన్ని తగ్గించుకోలేదు. తిండిలో అవి తక్కువైతే సొంత కండనే కరిగించుకుంటుంది. వెన్నెముక చేతికి తగలడం అంటే ఇదే. పాలన్నం విషం కాదు, కానీ నిమ్మకాయంత కడుపును అది నింపేస్తే అవసరమైనది వెళ్ళడానికి చోటుండదు.

పాల సంగతి చెబితే మనవారు నమ్మరు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగే సామెత మన నోళ్ళలో అంతగా నానింది. తల్లిపాలు మానే వయసు వచ్చేసరికి పాలలోని చక్కెరను అరిగించే శక్తి చాలా పిల్లులలో తగ్గిపోతుంది, ఆపై ఆవుపాలు పోస్తే విరేచనాలవుతాయి. తల్లిపిల్లి పాలలో ఆవుపాలకన్నా రెట్టింపును మించిన మాంసకృత్తులు ఉంటాయి. మన గేదెపాలలో వెన్న ఎక్కువే గానీ మాంసకృత్తులు ఆ స్థాయిలో లేవు. తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి మరిగే పాలు పెట్టి మూతి కాల్చి, పాలగిన్నె చూస్తేనే పారిపోయేలా చేసి, రాయలవారు ఇచ్చిన ఆవు పాలన్నీ తానే తాగాడన్న కథ చిన్నప్పుడు విన్నాం కదా. ఆ కథలో బక్కచిక్కిన పిల్లిని చూసి సభ నవ్వింది. పశువైద్యుడిగా నాకు మాత్రం, దానికి పాలు దక్కకపోవడం పెద్ద నష్టం కాదు, ఇంట్లో ఎలుకలు కూడా కరవయ్యాయేమోనన్న అనుమానమే వస్తుంది.

మీ ఇంటి నియమాన్ని నేను తప్పుపట్టను. దుకాణాలలో దొరికే పిల్లికూనల పొడి ఆహారం వండనవసరం లేదు, వాసన తక్కువ, గిన్నె వేరుగా పెట్టి వసారాలోనే వేయవచ్చు. అందులో ఉండేదీ మాంసమూ చేపే కనుక, అది మీకు సమ్మతమో కాదో మీరే నిర్ణయించుకోవాలి. సంచి మీద "కిటెన్" అని ఉన్నదే తీసుకోండి, పెద్దపిల్లుల ఆహారం, కుక్కల ఆహారం పనికిరావు. రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా, మొదటి వారం గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పాత తిండితో కలిపి మెల్లగా మార్చండి. మగకూనకు దూరంగా, వేరే గదిలో పెట్టండి, లేకపోతే దీని వాటా కూడా అదే తినేస్తుంది. ఇది కూడా ఇంట కుదరదనుకుంటే, చేపలు వండే ఇంటివారెవరికైనా ఆ కూనను ఇవ్వడమే దానికి మేలు. కటువుగా అనిపిస్తే మన్నించండి. శాకాహారం మీద ఆరోగ్యంగా పెరిగిన పిల్లికూనను నా అనుభవంలో చూడలేదు.

ఈ సందర్భంలోనే మాంసం తినే ఇళ్ళవారికీ ఒక మాట. ఎముక లేని కోడిమాంసం ఒక్కటే ఉడికించి పెడితే చాలని చాలామంది అనుకుంటారు. మాంసంలో సున్నం అతి తక్కువ. అలా నెలల తరబడి పెంచిన కూన తన ఎముకలలోని సున్నాన్నే తీసి వాడుకుంటుంది, చివరికి కుర్చీ మీదనుంచి దూకితే కాలు విరుగుతుంది. అడవిలో పిల్లి ఎలుకను ఎముకలతో సహా తింటుందని మరువకూడదు. ఉల్లి, వెల్లుల్లి వేసి వండిన కూరముక్కలు కూడా పెట్టవద్దు, అవి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ ఊహ నూటికి నూరుపాళ్ళూ సరైనదేనని నా నమ్మకం. బక్కచిక్కిన ఒళ్ళు, డోలులాంటి పొట్ట, ఈ రెండూ కలిసిన వీధికూనలో మొదట అనుమానించవలసింది ఏలికపాములనే. వీటి పిల్లలు తల్లిపిల్లి కండరాలలో దాగి ఉండి, ఆమె పాలిచ్చే రోజులలో పాలద్వారా కూనల కడుపులోకి చేరుతాయి. కనుక ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా, కూన మట్టిలో అడుగుపెట్టకపోయినా, పాములు లేవని అనుకోవడానికి లేదు. మగకూనకూ అవి ఉండే ఉంటాయి, దాని తిండి బలం వల్ల బయటపడి ఉండదు. మందు రెండింటికీ ఒకేసారి వేయించాలి. సాధారణంగా మూడు వారాల వయసు నుంచి రెండు వారాలకొకసారి, రెండు నెలలు దాటాక ఆరు నెలల దాకా నెలకొకసారి వేస్తాము. మోతాదు కూన బరువును బట్టి, గ్రాముల లెక్కన ఉంటుంది. బడిలో పిల్లలకు ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఇంట్లో ఉందని అందులో చిటికెడు చిదిమి వేయవద్దు, ఆ మందు పిల్లులలో ఎముక మూలుగను దెబ్బతీసిన సందర్భాలున్నాయి. వేపాకు రసమూ వద్దు. మీ ఇంట పిల్లలున్నారు కనుక, కూనతో ఆడాక చేతులు సబ్బుతో కడుగుకోవడం, దాని మలాన్ని ఏరోజుకారోజు తీసివేయడం తప్పనిసరి, ఈ పాముల గుడ్లు మనుషులకూ హాని చేస్తాయి.

మరో చిన్న పరీక్ష మీరే చేయవచ్చు. కూన పైపెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగు మంచిది. పాలిపోయి తెల్లగా ఉంటే రక్తహీనత. దానికి కొంకిపురుగులు కారణం కావచ్చు, వెంట్రుకల మధ్య పరుగెత్తి ఎగిరి దూకే సన్నని గోధుమరంగు పురుగులూ కావచ్చు, వైద్యులు వాటిని ఫ్లీలంటారు. సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని నలుసులను తడి తెల్లకాగితం మీద వేస్తే ఎర్రటి మరక పడుతుంది, అది కూన రక్తమే. అరకిలో ప్రాణికి ఆ పురుగులు పీల్చే రక్తం తక్కువేమీ కాదు. వాటిని వదిలించడానికి కుక్కలకు వాడే చుక్కలమందు, పొడి వాడితే మాత్రం కూన చనిపోవచ్చు. వాటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకు విషం. జ్వరమనిపించి పారాసిటమాల్ వేయడం కూడా అంతే ప్రాణాంతకం.

తిండి, పాములు, ఫ్లీలు, విరేచనాలు, ఇవి కాక మిగిలిన కారణాలు అరుదైనవి. కాలేయాన్ని దాటవేసి రక్తం పోయే లోపంతో పుట్టిన కూన తిన్న తరువాత మత్తుగా పడి ఉండి, నోట చొంగ కారుస్తుంది. గుండెలో లోపమున్నది కాసేపు ఆడితే రొప్పుతుంది. అంగిలి చీలినదానికి పాలు ముక్కులోంచి వస్తాయి. థైరాయిడ్ లోపంతో పుట్టినది కురచకాళ్ళు, వెడల్పాటి తల, ఉబ్బిన పొట్టతో, వయసు పెరిగినా చిన్నకూన రూపంతోనే ఉండిపోతుంది. మలబద్ధం కూడా ఉంటుంది. పిన్నిగారి "గుజ్జురకం" నిజంగా ఉంటే అది ఇదే, అదీ ఒక జబ్బే. మీ కూన చురుకుగా ఆడుతోందన్నారు కనుక వీటి గురించి ఇప్పుడే బెంగ వద్దు. మందూ తిండీ సరిచేశాక మూడు వారాలైనా బరువు రాకపోతే రక్తపరీక్ష వైపు వెళ్ళవచ్చు.

బరువు చూడటం మాత్రం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. తూచడానికి వంటింటి త్రాసే చాలు. దాని మీద వెడల్పాటి గిన్నె పెట్టి సున్నా చేసి, రోజూ ఉదయం తిండికి ముందు కూనను అందులో కూర్చోబెట్టి, అంకెను కాలెండరు గడిలో రాయండి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు, వారానికి 70 నుంచి 100 గ్రాములు పెరుగుతూ ఉంటే, అది అన్న పక్కన ఎంత చిన్నగా కనబడినా నేను దిగులుపడను. రెండు మూడు రోజులు వరుసగా అంకె కదలకపోయినా, తగ్గినా, అది 900 గ్రాముల కూనే అయినా సరే, వైద్యుడిని కలవాలి. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న కూడా ఎంత ఉందని కాదు, పోయిన వారం ఎంత ఉందనే.

మండల కేంద్రంలోని పశువుల ఆసుపత్రికే తీసుకువెళ్ళవచ్చు. అక్కడ ఎక్కువగా గేదెలనూ మేకలనూ చూస్తారన్న మాట నిజమే, అయినా పాముల మందు వేయడానికీ, గుండె వినడానికీ, మలం పరీక్షించడానికీ ఇబ్బంది లేదు. మూత ఉన్న బుట్టలో పాత చీరముక్క పరిచి కూనను పెట్టండి, ఆ ఉదయం వేసిన మలాన్ని ఒక చిన్న డబ్బాలో తీసుకువెళ్ళండి. ఒక పూటంతా తిండి ముట్టకపోయినా, ఒళ్ళు చల్లబడినా, వాంతులూ విరేచనాలూ కలిసి వచ్చినా, చిగుళ్ళు తెల్లబడినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా మర్నాటి దాకా ఆగకండి. టీకాలు వేయని కూనలలో వచ్చే పార్వో జాతి విరేచనాల జబ్బు ఒకటి రెండు రోజులలోనే ప్రాణం తీస్తుంది. టీకాల సంగతి కూడా అదే రోజు మాట్లాడండి, తొమ్మిది వారాలు దాటితే మొదటిది ఇప్పటికే ఆలస్యమైనట్టు.

ఆ ఆడకూన అన్నను అందుకుంటుందా అని మీరు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. ఈ వయసులో లోపం సరిదిద్దితే చాలావరకు అందుకుంటుంది. మన వీధి ఆడపిల్లులు పూర్తిగా ఎదిగాక రెండున్నర నుంచి మూడున్నర కిలోలే ఉంటాయి. ఇది రెండున్నర దగ్గర ఆగినా తప్పులేదు.

ప్రశ్న: హైదరాబాదులో ఒకరి దగ్గర రెండు నెలల పర్షియన్ కూనను కొన్నాను. ఇంటికి తెచ్చి తూచితే 430 గ్రాములే ఉంది. అడిగితే "ఇది టీకప్ రకం, ఎప్పటికీ ఇంతే ఉంటుంది, అందుకే ధర ఎక్కువ" అన్నారు. పొడి తిండి వేస్తే వాసన చూసి వదిలేస్తోంది. కళ్ళు మంచి నీలం రంగులో ఉన్నాయి. నమ్మవచ్చా?
– ఒక ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: నమ్మవద్దు. టీకప్ అన్నది పిల్లులలో ఒక జాతి కాదు, అమ్మకపు మాట. పర్షియన్ పెద్దదైతే మూడు నుంచి అయిదు కిలోలుంటుంది. ఎదగని కూనకు ముద్దుపేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్మడం, లేదా తల్లి దగ్గరనుంచి ముందే విడదీసిన కూనకు వయసు పెంచి చెప్పడం, ఈ రెండింటిలో ఏదో ఒకటి జరిగింది. నా అనుమానం రెండోదాని మీద.

దీనిని పళ్ళు తేల్చిచెబుతాయి. రెండు మూడు వారాలకు ముందుపళ్ళు, మూడు నాలుగు వారాలకు కోరపళ్ళు, నాలుగో వారం నుంచి దవడపళ్ళు వస్తాయి. రెండు నెలలు నిండేసరికి 26 పాలపళ్ళూ ఉండాలి. మంచి వెలుతురులో బుగ్గ మెల్లగా పక్కకు లాగి చూడండి. ముందుపళ్ళూ కోరలూ ఉండి, వెనుక చిగుళ్ళు ఇంకా నున్నగా ఉంటే, లేదా మొనలు అప్పుడే పొడుచుకు వస్తుంటే, మీ కూనకు నాలుగైదు వారాలే. అప్పుడు 430 గ్రాములు చక్కని బరువు, కంగారు పడవలసింది దాని పరిమాణానికి కాదు, తల్లి లేకుండా ఉన్నందుకు. నీలికళ్ళు కూడా అదే చెబుతున్నాయి. కూనలన్నింటికీ మొదట కళ్ళు నీలంగానే ఉంటాయి, ఆరేడు వారాలు దాటాక అసలు రంగు తేలుతుంది. పెద్దయినా నీలికళ్ళే ఉండే రకాలు కొన్ని ఉన్నాయి కనుక ఈ ఒక్క గుర్తు మీదనే తీర్పు చెప్పకూడదు.

పళ్ళన్నీ వచ్చి ఉండి, బరువు మాత్రం ఇంతే అయితే కథ వేరు. పై ఉత్తరానికి రాసిన పరీక్షలన్నీ మీకూ వర్తిస్తాయి, ఇల్లు మారిన కూన కనుక రెండు రోజులకు మించి ఆలస్యం చేయకండి.

తిండి వదిలేయడానికి ఒక కారణం ముఖం తీరు కావచ్చు. చప్పిడి ముక్కు, పొట్టి దవడ ఉన్న పర్షియన్ కూనకు గట్టి గింజలను నాలుకతో ఎత్తుకోవడం కష్టం. లోతు గిన్నె తీసేసి పళ్ళెంలో, వెచ్చని నీటితో ముద్దగా నానబెట్టి పెట్టండి. వాసన పెరిగితే ఆకలి పెరుగుతుంది. వయసు అయిదు వారాలేనని తేలితే పిల్లికూనల కోసం అమ్మే పాలపొడిని ఆ ముద్దలో కలపండి. నాలుగైదు గంటలకొకసారి పెట్టడం తప్పదు, ఉద్యోగానికి వెళ్ళే మీకు అది కష్టమే. ఎవరినైనా ఇంట ఉంచగలరేమో చూడండి.

టీకాల పుస్తకం ఇచ్చారని రాయలేదు. ఇచ్చి ఉంటే అందులోని తేదీని పళ్ళతో సరిచూడండి. ఆరు వారాలు నిండని కూనకు టీకా వేసినట్టు రాసి ఉంటే దానిని లెక్కలోకి తీసుకోకుండా, మీ వైద్యుడి చేత మొదటినుంచి వేయించడం మంచిది. తల్లినుంచి వచ్చిన రక్షణ ఆ వయసులో టీకాను పనిచేయనివ్వదు. అందుకే మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా వేస్తూ ఉంటాము. రేబిస్ టీకా మూడు నెలలకు.

ప్రశ్న: మా పిల్లి మొన్న అయిదు కూనలను పెట్టింది. నాలుగు బాగున్నాయి. ఒకటి మాత్రం బొటనవేలంత ఉంది, బంగారం తూచే చిన్న త్రాసులో 68 గ్రాములు తూగింది. మిగతావి తోసేస్తే పక్కన పడి ఉంటోంది. తల్లి కూడా పట్టించుకోవడం లేదు. ఫిల్లర్‌తో ఆవుపాలు పోయమంటున్నారు. బతుకుతుందా?
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: బతకవచ్చు, బతకకపోనూవచ్చు. పుట్టుబరువు ఎంత తక్కువైతే మొదటి వారం గండం అంత పెద్దది. ఈ మాట ముందే చెప్పడం మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, ఏదైనా జరిగితే మీ తప్పని అనుకోకుండా ఉండటానికి.

పాలకన్నా ముందు వెచ్చదనం కావాలి. మొదటి వారంలో కూనకు సొంతంగా ఒళ్ళు వెచ్చగా ఉంచుకునే శక్తి లేదు, వణకడం కూడా రాదు. తోసివేతకు గురై పక్కన పడి ఉన్నది చల్లబడుతుంది, చల్లబడినదానికి పేగులు కదలవు, పాలు పోసినా అరగవు, ముక్కులోకి పోయి ఊపిరి ఆగుతుంది. తల్లి కూడా చల్లని కూనను వదిలేస్తుంది, పట్టించుకోకపోవడానికి అసలు కారణం అదే అయి ఉండవచ్చు. సీసాలో వేడినీళ్ళు పోసి, తువ్వాలు మందంగా చుట్టి కూన పక్కన పెట్టండి, అది పక్కకు జరగడానికి చోటుండాలి. గంటలో మెల్లగా వేడెక్కాలి గానీ ఒక్కసారిగా కాదు.

వెచ్చబడ్డాక తల్లి దగ్గరకే తీసుకువెళ్ళండి. బలమైన కూనలు రెండింటిని పావుగంటసేపు వేరే పెట్టెలో ఉంచి, దీనిని చన్నుకు పట్టించండి. రోజుకు ఆరేడుసార్లు ఇలా చేయగలిగితే చాలావరకు వేరే పాలు అక్కరలేదు. తొలిరోజు పాలలో వచ్చే రక్షణ మరెక్కడా దొరకదు, అది కూడా పుట్టిన కొన్ని గంటలలోపే ఒంటబడుతుంది కనుక, మొన్న కొద్దిగానైనా తాగి ఉంటే మేలు.

ఎంతకీ పట్టకపోతే పిల్లికూనల పాలపొడి కలిపి పోయాలి, ఆవుపాలు వద్దు. 100 గ్రాముల కూనకు ఒకసారికి 4 మిల్లీలీటర్లు మించకూడదు, మీ కూనకు రెండున్నర చాలు, రెండు మూడు గంటలకొకసారి. ఎక్కువమంది చేసే పొరపాటు కూనను చంటిబిడ్డలా వెల్లకిలా ఒళ్ళో పెట్టుకోవడం. అలా పోస్తే పాలు ఊపిరితిత్తులలోకి పోతాయి. తల్లి దగ్గర ఎలా ఉంటుందో అలాగే బోర్లా ఉంచి, తల కొద్దిగా ఎత్తి, చుక్క చుక్కగా పట్టాలి. తాగాక తడి దూదితో కింది భాగాన్ని మెల్లగా రుద్దితేనే అది మూత్రం పోస్తుంది, మామూలుగా తల్లి నాలుకతో చేసే పని అది. మీ త్రాసు చాలా పనికివస్తుంది, రోజుకు రెండుసార్లు తూచండి. మొదటి రోజు ఒకటి రెండు గ్రాములు తగ్గవచ్చు, రెండో రోజు కూడా తగ్గితే వైద్యుడికి చూపించండి. పుట్టిన పది రోజులకల్లా బరువు రెట్టింపు అయితే గట్టెక్కినట్టే.

చూడటానికి వచ్చేవారిని మాత్రం తగ్గించండి. పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మనవారు ఊరికే అనలేదు. అలికిడి ఎక్కువైతే అది చోటు మారుస్తుంది, అలా మార్చేటప్పుడు బలహీనమైనదే వెనుక మిగిలిపోతుంది.

ప్రశ్న: మా ఆడపిల్లికి ఆరు నెలలు. 2 కిలోల 100 గ్రాములే ఉంది. ఇప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఎదుగుదల ఆగిపోతుందని, ఒక ఈత అయ్యాక చేయించమని అంటున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: ఎదుగుదల ఆగదు. చిన్న వయసులో ఆపరేషన్ చేస్తే ఎముకల చివర పెరిగే భాగాలు కాస్త ఆలస్యంగా మూసుకుంటాయి, అందువల్ల కాళ్ళు ఒక వెంట్రుకవాసి పొడవు పెరుగుతాయే గాని తగ్గవు. ఆరు నెలలకు 2 కిలోల 100 గ్రాములు మన ఆడపిల్లులకు తక్కువ కాదు, ఆపరేషన్‌కు చాలినంత బరువు. ఎదుగుదలను నిజంగా ఆపేది మీకు సలహా ఇచ్చినవారు చెప్పిన ఆ ఒక్క ఈతే. పిల్లి నాలుగు నెలలకే ఎదకు రావచ్చు, తన ఒళ్ళే పూర్తిగా కట్టని ఆ వయసులో రెండు నెలలు కూనలను మోసి, ఆపై రెండు నెలలు పాలిస్తే, తన ఎముకలకూ కండలకూ వెళ్ళవలసినదంతా వాటికే పోతుంది. ఆ కూనలు కూడా తక్కువ బరువుతో పుట్టవచ్చు, కరీంనగర్ ఉత్తరంలాంటిదే మీరు నాకు మళ్ళీ రాయవలసి వస్తుంది. ఆపరేషన్‌కు ముందు ఎన్ని గంటలు తిండి ఆపాలో మీ వైద్యుడినే అడగండి. ఈ వయసు పిల్లికి పెద్దపిల్లులంత సేపు కడుపు మాడ్చనక్కరలేదు.